మెరుపులు కనిపిస్తే ఆగవద్దు



ఈ నెల ఈ పేజీలో ఒక కంటి జబ్బును గూర్చి వ్రాస్తున్నాను. నేను డాక్టరును కాను. బైబిలు కళాశాలలో థియాలజీ డిప్లొమా చదివి, పల్లెటూరి సంఘాలలో సేవ చేస్తున్న కాపరిని. అయినా ఈ సంగతి వ్రాయవలసిన బాధ్యత నా మీద ఉంది. తెలియనితనం వలన నేను చెప్పిన ఒక్క మాట విని, మా సంఘ పెద్ద ఒకరు తన కుడి కంటి చూపులో చాలా భాగం పోగొట్టుకున్నారు. ఆయనను అడిగి, ఆయన ఒప్పుకున్న తరువాతనే వ్రాస్తున్నాను. "నా పేరు వద్దు అయ్యగారూ, సంగతి మాత్రం తప్పక వ్రాయండి" అన్నారాయన.

అప్పటికి ఆయనకు 58 ఏళ్ళు. రెండెకరాల మాగాణి సొంతంగా సేద్యం చేసుకునేవారు. చిన్నతనం నుండి దూరం ఆనదు గనుక సోడాబుడ్డి అద్దాలు పెట్టుకునేవారు. ఆదివారం ఆరాధనలో వాక్యపాఠం చదివేది ఆయనే. ఒక గురువారం సాయంకాలం వారి వీధిలో గృహకూడిక ముగిసింది. నేను చెప్పులు వేసుకుంటూ ఉండగా దగ్గరకు వచ్చారు.

"అయ్యగారూ, నిన్నటి నుండి కుడి కంటి చివర తళుక్కు తళుక్కున మెరుపు మెరిసినట్టు అవుతోందండి. దీపం ఆర్పి పడుకున్నా మెరుస్తోంది. ఈగలు తిరిగినట్టు నల్ల చుక్కలు కూడా కనబడుతున్నాయి" అన్నారు.

"నొప్పి ఉందాండీ?" అని అడిగాను.

"లేదండి."

"ఎర్రబడటం, నీరు కారటం?"

"అదేమీ లేదండి."

నేను ఆయన కంటిలోకి చూశాను. కన్ను శుభ్రంగా ఉంది. "వయసు కదండీ, పొర మొదలవుతూ ఉంటుంది. వచ్చే నెల మండల కేంద్రంలో కంటి శిబిరం పెడుతున్నారు. ఈలోగా మన కోత పండుగ కూడా అయిపోతుంది. అప్పుడు నేనే దగ్గరుండి చూపిస్తాను" అని చెప్పాను. ప్రార్థన చేసి ఇంటికి పంపించాను.

ఆ మాట ప్రేమతోనే చెప్పాను. కాని అది తప్పు మాట.

శనివారం నాటికి మసి రాలినట్టు చుక్కలు ఎక్కువయ్యాయి. ఆదివారం పాఠం చదువుతూ ఆయన రెండుసార్లు ఆగారు. నేను గమనించాను గాని అడగలేదు. పండుగ పనులలో మునిగి ఉన్నాను. సోమవారం ఉదయం పొలం గట్టున నడుస్తూ ఉండగా, కుడి కంటిలో ముక్కువైపు క్రింది మూల నుండి నల్లని తెర పైకి లేచినట్టు కనిపించిందట. నొప్పి లేదు గనుక ఆయన కంగారుపడలేదు. మందుల షాపులో చుక్కల మందు కొని వేసుకున్నారు. బుధవారం తెల్లవారి ఎడమ కన్ను మూసి చూస్తే, ఎదురుగా నిలబడిన భార్య ముఖం కనిపించలేదు.

అప్పుడు పరుగెత్తాము. పట్టణంలోని కంటి డాక్టరుగారు చుక్కలు వేసి చూసి, "రెటీనా ఊడింది. ఇది నా దగ్గర అయ్యే పని కాదు. ఈ రోజే బయలుదేరి వెళ్ళండి" అని చీటీ వ్రాసిచ్చారు. ఆ రాత్రి రైలెక్కాము. నగరంలోని ఆసుపత్రిలో రెటీనా డాక్టరుగారు చాలాసేపు పరీక్ష చేశారు.

"మెరుపులు ఎప్పుడు మొదలయ్యాయి?" అని అడిగారు.

"పోయిన బుధవారమండి."

"అప్పుడే ఎవరికీ చెప్పలేదా?"

పెద్దాయన నా వైపు చూడలేదు. "ఎవరికీ చెప్పలేదండి" అన్నారు.

ఆయన నోట అబద్ధం నేను విన్నది ఆ ఒక్కసారే. అది నా కోసం ఆడిన అబద్ధం. నేను ఉండబట్టలేక, "నాకు చెప్పారు డాక్టరుగారూ. నేనే ఆగమన్నాను" అన్నాను. డాక్టరుగారు నన్ను కోప్పడలేదు. ఒక కాగితం తీసుకొని కంటి బొమ్మ గీసి, జరిగినదేమిటో వివరించారు. చివర, "మీరు పదిమందికి చెప్పే స్థానంలో ఉన్నారు. ఇది కూడా చెప్పండి" అన్నారు. ఆ మాట ప్రకారమే ఇప్పుడు మీకు చెబుతున్నాను.

కంటి లోపల ఏమి జరుగుతుంది?

కంటి లోపల వెనుక గోడకు అంటుకొని ఒక పల్చని పొర ఉంటుంది. దాని పేరు రెటీనా. పాత కెమెరాలలో ఫిల్ము ఎలాంటిదో, కంటికి రెటీనా అలాంటిది. మనం చూసే దృశ్యం దాని మీద పడితే, అది నరం ద్వారా మెదడుకు కబురు పంపుతుంది. రెటీనా నడిమి భాగాన్ని మాక్యులా అంటారు. చిన్నదే గాని, అక్షరాలు చదవడానికీ ముఖాలు గుర్తుపట్టడానికీ అదే ఆధారం.

కంటి మధ్యభాగమంతా లేత తాటిముంజ గుజ్జు వంటి పదార్థంతో నిండి ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ ఆ గుజ్జు పలచబడి, ముడుచుకొని, రెటీనా నుండి విడిపోతుంది. చాలామందికి ఇది ఏ హానీ లేకుండా జరిగిపోతుంది. కొందరిలో మాత్రం గుజ్జు ఒకచోట గట్టిగా అంటుకొని ఉండి, విడిపోయేటప్పుడు రెటీనాను లాగుతుంది. అలా లాగినప్పుడు, బయట వెలుగు లేకపోయినా మనకు మెరుపు కనిపిస్తుంది. ఆ లాగుడుకు రెటీనా చిరిగితే, చిరుగులో నుండి నీరు దాని వెనుకకు దిగుతుంది. వానాకాలంలో గోడ పగులులోకి నీరు దిగి సున్నం పెచ్చులుగా ఊడివచ్చినట్టు, రెటీనా కంటిగోడ నుండి ఊడివస్తుంది.

రెటీనాకు నొప్పి తెలియదు. ఈ జబ్బులో మోసమంతా అక్కడే ఉంది. కాలికి ముల్లు గుచ్చుకుంటే నిలబడనివ్వదు, పన్ను నొప్పి రాత్రి నిద్రపోనివ్వదు. కన్ను పోయే ఈ జబ్బు మాత్రం చప్పుడు లేకుండా వస్తుంది.

ఊడిన రెటీనాకు వెనుక పొర నుండి అందవలసిన పోషణ సరిగా అందదు. రైతులకు ఇది సులువుగా అర్థమవుతుంది. పీకిన నారును వెంటనే నాటితే నిలదొక్కుకుంటుంది. గట్టు మీద పడేసి నాలుగు రోజుల తరువాత నాటితే ఏమవుతుంది? ముఖ్యంగా మాక్యులా ఊడకముందే ఆపరేషను జరిగితే చదివే చూపు దక్కే అవకాశం ఎక్కువ. అది కూడా ఊడిన తరువాత రెటీనాను తిరిగి అతికించినా, చూపు పూర్తిగా రాకపోవచ్చు. మా పెద్దాయన విషయంలో గురువారానికీ బుధవారానికీ మధ్య జరిగిన నష్టం ఇదే.

పొర వేరు, ఇది వేరు

నేను ఎందుకు పొరబడ్డానో కూడా చెప్పాలి. మన పల్లెలలో కంటి జబ్బు అంటే ముందుగా తలపుకు వచ్చేది పొర, అంటే శుక్లం. "పొర ముదరాలి, అప్పుడే తీస్తారు" అని పెద్దలు చెప్పగా విన్నాము. శిబిరం ఎప్పుడు వస్తే అప్పుడు వెళ్ళడం అలవాటయింది. నిజానికి నేటి పద్ధతులలో శుక్లం ముదిరేదాకా ఆగవలసిన పని కూడా లేదు. అయినా ఆ పాత అలవాటు మన మనసులో నిలిచిపోయింది. కన్ను ఆగుతుందని అనుకుంటాము.

శుక్లం వస్తే చూపు నెలల తరబడి, ఏళ్ళ తరబడి మెల్లగా మసకబారుతుంది. రెటీనా ఊడేటప్పుడు గుర్తులు అకస్మాత్తుగా వస్తాయి, రోజులలో ముదురుతాయి. శుక్లం తీయించుకుంటే పోయిన చూపు సాధారణంగా తిరిగి వస్తుంది. రెటీనా ఊడి ఆలస్యమైతే పోయిన చూపు తిరిగి రాకపోవచ్చు. శిబిరం మంచిదే. కాని ఈ జబ్బుకు శిబిరం దాకా ఆగకూడదు.

ఈ గుర్తులు మరువకండి

మొదటిది, ఒక కంటి చివర మెరుపులు. చీకటిలో, కన్ను కదిలించినప్పుడు మరింతగా తెలుస్తాయి.

రెండవది, ఉన్నట్టుండి నల్ల చుక్కలు, దారాలు, సాలెగూడు పోగులు, మసి రాలినట్టు మచ్చలు కనబడటం. ఏళ్ళ తరబడి ఒకటి రెండు చుక్కలు అలాగే ఉన్నవారు భయపడనక్కర లేదు. కొత్తగా వచ్చినా, ఒక్కసారిగా ఎక్కువైనా వెంటనే చూపించుకోవాలి.

మూడవది, ఏదో ఒక ప్రక్క నుండి నీడ గాని తెర గాని కమ్ముకొని రావటం. ఇది కనిపించిందంటే రెటీనా ఊడటం మొదలై ఉండవచ్చు. ఇక ఒక్క పూట కూడా ఆగకూడదు.

నాల్గవది, ఒక కంటి చూపు హఠాత్తుగా మసకబారటం, నిటారుగా ఉన్న తలుపు అంచు, కరెంటు స్తంభం వంకరగా కనిపించటం.

మెరుపులు, చుక్కలు వచ్చిన ప్రతివారికీ రెటీనా చిరుగుతుందని కాదు. చాలామందిలో డాక్టరు చూసి, "ఏమీ లేదు, వెళ్ళి రండి" అంటారు. అలా అనిపించుకొని రావటం మంచిదే. చార్జీలు దండగయ్యాయని బాధపడవద్దు.

ఎవరు మరింత జాగ్రత్తగా ఉండాలి?

దూరం ఆనక దళసరి అద్దాలు పెట్టుకునేవారు. 50 ఏళ్ళు దాటినవారు. శుక్లం ఆపరేషను అయినవారు. కంటికి దెబ్బ తగిలినవారు. ఒక కంటిలో ఇంతకుముందే రెటీనా ఊడినవారు. తమ ఇంటివారిలో ఎవరికైనా ఈ జబ్బు వచ్చినవారు. పిల్లలకు బిళ్ళంగోడు బిళ్ళ గాని, క్రికెట్ బంతి గాని కంటికి తగిలితే, వాపు తగ్గిందని వదిలేయక, లోపల కూడా పరీక్ష చేయించండి. చక్కెర వ్యాధి ముదిరినవారిలో రెటీనా మరొక విధంగా, చిరుగు లేకుండానే లాగబడి ఊడవచ్చు. గనుక వారు గుర్తులేమీ లేకపోయినా సంవత్సరానికి ఒకసారైనా రెటీనా పరీక్ష చేయించుకోవాలి.

శుక్లం ఆపరేషను పేరు ఇక్కడ వ్రాశానని దానికి భయపడకండి. ఆ ఆపరేషను వలన లక్షలమందికి చూపు వస్తున్నది. చేయించుకున్న తరువాత ఈ గుర్తులు తెలిసి ఉంటే చాలు.

చికిత్స ఉన్నది

నూరేళ్ళ క్రితం ఈ జబ్బు వచ్చినవారిని కళ్ళకు కట్టు కట్టి వారాల తరబడి మంచం మీద పడుకోబెట్టేవారు. అయినా దాదాపు అందరి చూపూ పోయేది. స్విట్జర్లాండ్‌లోని లొసాన్ పట్టణంలో జూల్ గోనాన్ అనే డాక్టరు, చిరుగే ఈ జబ్బుకు మూలమనీ, దానిని మూసివేస్తే కన్ను బాగవుతుందనీ 1920ల్లో చేసి చూపించారు. బెల్జియంలో పుట్టిన చార్లెస్ షెపెన్స్ 1940ల్లో తలకు తగిలించుకొని రెండు కళ్ళతో రెటీనా అంచుల దాకా చూసే పరికరాన్ని రూపొందించారు. అమెరికాలోని బోస్టన్‌లో ఆయన దగ్గర నేర్చుకొని వచ్చినవారే 1978లో మద్రాసులో శంకర నేత్రాలయను స్థాపించిన డాక్టర్ ఎస్. ఎస్. బద్రీనాథ్. ఇలా చేతినుండి చేతికి అందిన విద్య నేడు మన జిల్లాల దాకా వచ్చింది.

చిరుగు మాత్రమే పడి రెటీనా ఇంకా ఊడకపోతే, లేజరు వెలుగుతో గాని, చల్లని పరికరంతో గడ్డకట్టించి గాని చిరుగు చుట్టూ అతుకు వేస్తారు. సాధారణంగా అదే రోజు ఇంటికి రావచ్చు. ఆ అతుకు గట్టిపడటానికి సుమారు రెండు వారాలు పడుతుంది.

ఊడిన తరువాత అయితే ఆపరేషను అవసరం. కొందరికి కంటి వెలుపల సిలికాన్ పట్టీ కుట్టి గోడను లోపలికి నొక్కుతారు. మరికొందరికి లోపలి గుజ్జును తీసివేసి, రెటీనాను సరిచేసి, అది కదలకుండా గాలిబుడగ వంటి వాయువునో సిలికాన్ నూనెనో నింపుతారు. పదిమందిలో ఎనిమిది తొమ్మిది మందికి ఒక్క ఆపరేషనుతోనే రెటీనా తిరిగి అతుక్కుంటుంది. అయితే అతుక్కోవటం ఒకటి, చూపు రావటం మరొకటి. రెండవది మనం ఎంత త్వరగా వెళ్ళామన్న దానిమీద చాలావరకు ఆధారపడి ఉంటుంది.

ఆపరేషను తరువాత డాక్టరు చెప్పిన భంగిమలోనే, చాలామంది తల వంచి, కొన్ని రోజులు ఉండాలి. "జీవితంలో ఇంతసేపు తల వంచి ఎన్నడూ ప్రార్థించలేదు అయ్యగారూ" అని మా పెద్దాయన నవ్వించారు. ఈ కాలంలో ఇంటివారి సహాయం చాలా అవసరం. అన్నం కలిపి పెట్టాలి, ప్రక్కన కూర్చొని మాట్లాడాలి. కంటిలో వాయువు ఉన్నంతకాలం విమానం ఎక్కకూడదు, ఎత్తయిన కొండప్రాంతాలకు వెళ్ళకూడదు. గల్ఫ్ నుండి సెలవు మీద వచ్చినవారు ఇది గుర్తుంచుకోవాలి. ఈలోగా మరే ఆపరేషనుకైనా మత్తు ఇవ్వవలసివస్తే, కంటిలో వాయువు ఉన్నదని ఆ డాక్టరుకు ముందుగా చెప్పాలి. సిలికాన్ నూనెను సాధారణంగా కొన్ని నెలల తరువాత మరొక చిన్న ఆపరేషనుతో తీసివేస్తారు.

ఎక్కడికి, ఎలా వెళ్ళాలి?

దగ్గరలోని కంటి డాక్టరు వద్దకు అదే రోజు వెళ్ళండి. "మెరుపులు వస్తున్నాయి, తెర కనిపిస్తోంది" అని చీటీ వ్రాసే చోటనే చెప్పండి. వరుసలో మీ వంతు దాకా కూర్చోబెట్టవద్దని అడగండి. కంటిపాపను పెద్దది చేసే చుక్కలు వేసి రెటీనా చూడమనండి. అద్దాల షాపులో చూపు పరీక్ష చేయించుకుంటే ఇది తెలియదు. చుక్కలు వేసిన తరువాత కొన్ని గంటలు మసకగా ఉంటుంది గనుక తోడు మనిషిని తీసుకెళ్ళండి. మోటారు సైకిలు మీరు నడపవద్దు.

రెటీనా వైద్యులున్న పెద్ద ఆసుపత్రులు మనకు దూరం కాదు. హైదరాబాదులో సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది. 1987లో హైదరాబాదులో మొదలైన ఎల్. వి. ప్రసాద్ కంటి ఆసుపత్రికి విశాఖపట్నంలోనూ, విజయవాడ దగ్గర తాడిగడపలోనూ శాఖలున్నాయి. అక్కడ డబ్బు చెల్లించలేనివారికి ఉచితంగా చూస్తారు. విశాఖలో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి, తిరుపతిలో అరవింద్ కంటి ఆసుపత్రి ఉన్నాయి. రేషను కార్డు, ఆధార్ కార్డు, ఆరోగ్య పథకం కార్డు వెంట తీసుకెళ్ళండి. చేతిలో డబ్బు లేదని ప్రయాణం మానవద్దు. అక్కడికి చేరిన తరువాత దారి అడగవచ్చు.

షాపులో అడిగి చుక్కలు వేసుకోవద్దు. ఆకు పసరు, తేనె, చనుబాలు కంటిలో పోయవద్దు. బయలుదేరేదాకా బరువులెత్తవద్దు.

మా పెద్దాయన సంగతి

ఆయన రెటీనా అతుక్కుంది. ఆ కంటితో మనిషి ఆకారం తెలుస్తుంది, అక్షరం తెలియదు. అప్పుడే ఎడమ కన్ను కూడా పరీక్ష చేయగా, అక్కడ పలచబడిన చోటు ఒకటి కనిపించింది. దానికి లేజరు చేశారు. ఆ కంటితోనే నేటికీ ఆదివారం పాఠం చదువుతున్నారు. ఆయన నన్ను ఒక్కనాడూ నిష్ఠూరమాడలేదు. అందువలన నా బాధ తగ్గలేదు గాని, బాధ్యత పెరిగింది.

రెండేళ్ళ తరువాత ఒక ఆదివారం ఉదయం, గంట కొట్టకముందే, మా సంఘంలో కుట్టుపని చేసుకునే ఒక చెల్లెలు గుడి మెట్ల దగ్గర ఆయనతో, "బాబాయిగారూ, రాత్రి నుండి కంట్లో మెరుపులొస్తున్నాయండి. రేపు వెళ్ళి చూపించుకుంటాను" అన్నది. ఆమెవీ దళసరి అద్దాలే. ఆయన చేతిలోని బైబిలు నాకిచ్చి, "అయ్యగారూ, ఈ రోజు పాఠం మీరు చదవండి" అని, ఆమెనూ ఆమె భర్తనూ ఆటో ఎక్కించుకొని వెళ్ళిపోయారు. సాయంకాలానికి ఆసుపత్రికి చేరారు. చిరుగు పడింది గాని రెటీనా ఊడలేదు. సోమవారం ఉదయం లేజరు చేసి పంపించారు. ఆమె ఈనాటికీ సూదిలో దారం తానే ఎక్కించుకుంటుంది.

కాపరులకు, సంఘ పెద్దలకు నా మనవి ఒక్కటే. పల్లెలో ఒంట్లో బాగా లేనివారు డాక్టరు కంటె ముందు మన దగ్గరకే వస్తారు. ప్రార్థన చేయండి. చేసి వెంటనే పంపించండి. ప్రార్థన పేరుతో గాని పండుగ పేరుతో గాని ఎవరినీ ఆపకండి. సువార్త వ్రాసిన లూకా వైద్యుడేనని మరువవద్దు.

తల్లిదండ్రులారా, ఈ రాత్రి భోజనాలయ్యాక ఇంటివారందరినీ గోడ మీది క్యాలెండరు ఎదుట కూర్చోబెట్టండి. అరచేతితో ఒక కన్ను మూసి, రెండవ కంటితో చూడమనండి. తరువాత రెండవది మూయమనండి. రెండు కళ్ళూ తెరిచి ఉంటే ఒకదాని లోటును మరొకటి కప్పివేస్తుంది గనుక ఇలా విడివిడిగానే చూడాలి. అంకెలు వంకరగా ఉన్నాయా, ఏ మూలనైనా నీడ ఉన్నదా అని అడగండి. ఉంటే తెల్లవారి మొదటి బస్సుకు బయలుదేరండి.

ప్రభువు మీ కన్నులను, మీ ఇంటిని కాపాడును గాక.

క్రీస్తునందు మీ సహోదరుడు